రైఫిల్ తూటాల రీలోడింగ్‌కు బ్రాస్ కేసులు ఎలా ఎంచుకోవాలి

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలుంటాయి. ప్రైమర్, పౌడర్, బుల్లెట్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి కేసు. ట్రిగ్గర్ నొక్కాక మొదటి మూడూ ఖర్చయిపోతాయి. కేసు మాత్రం తిరిగి మీ బెంచ్ మీదకు వస్తుంది. దాంట్లో మిగతా మూడూ కొత్తవి పెట్టి మళ్లీ తూటా చేయడమే రీలోడింగ్. సరైన కేసులు ఎంచుకుంటే అవి ఏళ్ల తరబడి పనికొస్తాయి. ఎంపిక తప్పితే ఎంత ఖరీదైన బుల్లెట్ పెట్టినా గురి నిలకడగా ఉండదు, పైగా ప్రమాదం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బుల్లెట్ గురించీ పౌడర్ గురించీ తెగ చదువుతారు, కేసుల దగ్గరికి వచ్చేసరికి రేంజ్‌లో దొరికినవి ఏరుకుని తెచ్చేసుకుంటారు. నేనైతే బ్రాస్ నుంచే మొదలుపెట్టమంటాను.

బ్రాండ్ పేరు కంటే రెండు విషయాలు ముఖ్యం. మీ దగ్గరున్న కేసులన్నీ ఒకే తీరుగా ఉండాలి, అవి అంతకుముందు ఏమేం అనుభవించాయో మీకు తెలిసి ఉండాలి. కింద చెప్పేవన్నీ ఆ రెంటి కోసమే.

ఇంకో మాట. తూటాలు సొంతంగా తయారు చేసుకోవడానికి చాలా దేశాల్లో లైసెన్స్ కావాలి. కొన్నిచోట్ల ఖాళీ కేసును కూడా చట్టం మందుగుండులో భాగంగానే చూస్తుంది. మీరున్న చోట నిబంధన ఏమిటో తేల్చుకున్నాకే ఒక్క కేసైనా కొనండి.

కేసు చేసే పని ఏమిటో ముందు అర్థం చేసుకోండి

కార్ట్రిడ్జ్ బ్రాస్ అంటే 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఇత్తడి. .308 విన్‌చెస్టర్ లాంటి తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా వెళుతుంది. ఆ క్షణంలో కేసు గోడ ఉబ్బి ఛాంబర్‌కు (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) అతుక్కుని, గ్యాస్ వెనక్కి రాకుండా మూసేస్తుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుంటుంది, అందుకే బోల్ట్ లాగితే సులువుగా బయటికొస్తుంది. ఈ రెండు పనులూ చేయాలంటే కేసు అంతా ఒకే గట్టితనంతో ఉంటే కుదరదు. మెడ (బుల్లెట్‌ను పట్టే పై భాగం), భుజం (మెడ కింద వాలుగా వెడల్పయ్యే చోటు) మెత్తగా ఉండాలి. అడుగు భాగం గట్టిగా ఉండాలి, ఎందుకంటే ప్రైమర్‌ను పట్టి ఉంచేదీ, ఎక్స్‌ట్రాక్టర్ పట్టుకుని లాగేదీ అదే.

ఇత్తడిని అటూ ఇటూ వంచే కొద్దీ గట్టిపడుతుంది. తీగను పదేపదే ఒకేచోట వంచితే చివరికి పుటుక్కున విరుగుతుంది కదా, కేసు మెడకూ అదే జరుగుతుంది. పేలినప్పుడు వ్యాకోచిస్తుంది, డైలో (కేసును మళ్లీ కొలతకు తెచ్చే అచ్చు) పెట్టి నొక్కితే సంకోచిస్తుంది. ఇలా కొన్ని సార్లయ్యాక మెడ చీలుతుంది. ఫ్యాక్టరీలో చివరగా మెడకు, భుజానికి వేడి తగిలించి మెత్తబరుస్తారు, దీన్నే అనీలింగ్ అంటారు. మిలిటరీ కేసుల మీద, లపువా కంపెనీ కేసుల మీద భుజం దగ్గర నీలం, గోధుమ రంగు కలిసిన మరక కనిపిస్తుంది. అది లోపం కాదు, అనీలింగ్ గుర్తు. చాలా కంపెనీలు చూపు కోసం ఆ మరకను పాలిష్ చేసి పోగొడతాయి. మెరిసే కేసే మంచిదనుకోకండి.

మీ రైఫిల్ ఏది, పని ఏమిటి?

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో దూరపు టార్గెట్లు కొట్టేవాళ్లకు కేసుల మధ్య తేడా ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. అక్కడ ఎక్కువ డబ్బు పెట్టడం సబబే. వేటకు ఏడాదికి కొన్ని తూటాలు మాత్రమే వాడే వ్యక్తికి మధ్యరకం కొత్త కేసులు ఒక పెట్టె చాలు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ సంగతి వేరు. అది కేసును గట్టిగా లాగి దూరంగా విసిరేస్తుంది, మెడ సొట్టపోతుంది, కొన్ని గడ్డిలో పోతాయి. అలాంటి రైఫిల్‌కు ఖరీదైన కేసులు కొని లాభం లేదు. ఒకే లాట్‌కు (ఒకే విడతలో తయారైనవి) చెందిన, ఒక్కసారే పేల్చిన మిలిటరీ కేసులు దానికి చక్కగా సరిపోతాయి.

అడుగున ఉన్న ముద్ర చదవండి

కేసు అడుగున కంపెనీ పేరు, కాలిబర్ చెక్కి ఉంటాయి. ఇదే హెడ్‌స్టాంప్. మిలిటరీ కేసులైతే ఫ్యాక్టరీ గుర్తుతో పాటు తయారైన సంవత్సరం చివరి రెండంకెలు ఉంటాయి. ఉదాహరణకు ఎల్‌సీ అక్షరాలు, పక్కన 14 అని ఉంటే అది అమెరికాలో మిజోరీ రాష్ట్రంలోని లేక్ సిటీ ఫ్యాక్టరీలో 2014లో తయారైంది. వృత్తంలో ప్లస్ గుర్తు ఉంటే నాటో ప్రమాణాలకు తయారైందని అర్థం.

కాలిబర్‌ను కళ్లతో అంచనా వేయకండి, ముద్ర చదవండి. .308 కేసు, .243 కేసు, 7ఎంఎం-08 కేసు ఒకే కుటుంబానివి, అడుగు కొలత ఒకటే. ఒక కాలిబర్ కేసును ఇంకో కాలిబర్‌గా మార్చడం రీలోడింగ్‌లో మామూలే. 5.56 కేసును కత్తిరించి .300 బ్లాకౌట్‌గా మారుస్తుంటారు. అలా మార్చిన కేసు మీద పాత ముద్రే ఉంటుంది. కాబట్టి ఎవరో ఇచ్చిన కేసుల్లో ముద్ర ఒకటి, ఆకారం ఇంకొకటి ఉంటే పక్కన పెట్టేయండి. మెడను చిన్న కాలిబర్‌కు నొక్కినప్పుడు గోడ మందమవుతుంది, ఛాంబర్‌లో బుల్లెట్‌ను వదలడానికి చోటు చాలకపోవచ్చు. ఈ పని నేర్చుకున్నాక చేయాల్సినది, మొదట్లో కాదు.

ప్రైమర్ రకం చూడండి

కేసు నోటిలోంచి టార్చ్ వేసి అడుక్కి చూడండి. మధ్యలో ఒకే రంధ్రం కనిపిస్తే బాక్సర్ రకం, రీలోడింగ్‌కు సులువు. రెండు చిన్న రంధ్రాలు పక్కపక్కన కనిపిస్తే బెర్డాన్ రకం. బెర్డాన్ కేసును మామూలు డైలో పెట్టి నొక్కితే పాత ప్రైమర్‌ను బయటికి నెట్టే డీక్యాపింగ్ పిన్ విరిగిపోతుంది. బాక్సర్ బ్రిటిష్ అధికారి, బెర్డాన్ అమెరికన్. కానీ అమెరికాలో స్థిరపడింది బాక్సర్ ప్రైమర్, యూరప్ సైన్యాల్లో ఎక్కువగా నిలిచింది బెర్డాన్. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, లోపలికి చూస్తేనే తెలుస్తుంది.

ఇక ప్రైమర్ సైజు. లార్జ్ రైఫిల్ ప్రైమర్ 0.210 అంగుళాలు, స్మాల్ రైఫిల్ ప్రైమర్ 0.175 అంగుళాలు. 6.5 క్రీడ్‌మూర్, .308 కేసులు ఇప్పుడు రెండు సైజుల్లోనూ దొరుకుతున్నాయి. స్మాల్ ప్రైమర్ కేసులో పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) చుట్టూ ఇత్తడి ఎక్కువ మిగులుతుంది కాబట్టి గట్టి లోడ్లకు (పౌడర్ ఎక్కువ పోసినప్పుడు) పాకెట్ త్వరగా వదులవదు. దీర్ఘకాలం వాడదలచుకున్న టార్గెట్ షూటర్‌కు నేను వీటినే చెబుతాను. ఒక్క జాగ్రత్త, లపువా స్మాల్ ప్రైమర్ కేసుల్లో కొన్నింటికి ఫ్లాష్ హోల్ (ప్రైమర్ మంట పౌడర్‌కు చేరే రంధ్రం) 1.5 మిల్లీమీటర్లే ఉంటుంది. మామూలు హోల్ 2 మిల్లీమీటర్లు. దానికి సరిపోయే సన్న పిన్ లేకుండా డీక్యాప్ చేస్తే పిన్ అక్కడే ఇరుక్కుంటుంది. గడ్డకట్టే చలిలో వేటకు వెళ్లేవాళ్లు లార్జ్ ప్రైమర్ కేసులే తీసుకోవడం మంచిది, చలిలో తేలిగ్గా అంటుకోని పౌడర్‌ను అంటించడానికి పెద్ద మంట కావాలి.

మిలిటరీ కేసుల్లో ప్రైమర్ చుట్టూ ఇత్తడిని నొక్కి బిగించి ఉంచుతారు. పాత ప్రైమర్ తీశాక ఆ క్రింప్ అంచును స్వేజింగ్ చేసిగానీ (పనిముట్టుతో నొక్కి వెడల్పు చేసి), రీమర్‌తో గీకిగానీ తొలగించాలి. రీమర్‌తో ఎక్కువ గీకితే పాకెట్ వదులైపోతుంది. వందల కేసులు ఉంటే ఇది చాలా సమయం తినే పని. అగ్గువకు వస్తున్నాయని మిలిటరీ కేసులు బస్తా కొనేముందు ఈ శ్రమను కూడా లెక్కలో వేసుకోండి.

కొత్తవి కొంటే

ఫిన్లండ్‌కు చెందిన లపువా, స్వీడన్ నోర్మా, జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్, అమెరికాలో పీటర్సన్, ఆల్ఫా మునిషన్స్ వంటివి పైరకం. అమెరికన్ కంపెనీల్లోనే స్టార్‌లైన్, హార్నడీ, విన్‌చెస్టర్ లాంటివి ఇంకాస్త అందుబాటు ధరలో ఉంటాయి. పైరకం కేసుకు పెట్టే అదనపు డబ్బుతో మీరు కొనేది ప్రధానంగా రెండు: కేసుకూ కేసుకూ మధ్య తక్కువ తేడా, పాకెట్ త్వరగా వదులవకుండా ఉండే గట్టి అడుగు. పది సార్లు వాడగలిగే కేసు ధర, నాలుగు సార్లకే పోయే కేసు ధరకు రెట్టింపు ఉన్నా నష్టం లేదు. ఒక్కో కేసు ధర కాకుండా ఒక్కో షాట్‌కు ఎంత పడుతుందో లెక్కేసి చూడండి.

నికెల్ పూత ఉన్న వెండిరంగు కేసులు తుప్పు పట్టవు, ఛాంబర్‌లోకి నునుపుగా జారతాయి. వేట తూటాలకు ఫ్యాక్టరీలు వాడేది అందుకే. రీలోడింగ్‌కు మాత్రం నేను వద్దనే అంటాను. వాటి మెడ త్వరగా చీలుతుంది, లేచిన పూత పొరలు డైని గీస్తాయి.

కొన్నప్పుడు కావలసినన్ని ఒకేసారి, ఒకే లాట్ నంబర్‌తో కొనండి. ఒకే కంపెనీలో కూడా లాట్ మారితే గోడ మందం, బరువు మారొచ్చు. ఒక రైఫిల్‌కు 100 కేసులు అన్నది మంచి మొదలు. పెట్టె మీది లాట్ నంబర్ చీటీని పారేయకుండా కేసులతోనే ఉంచండి.

కొత్త కేసు అని నేరుగా పౌడర్ పోసేయకండి. రవాణాలో మెడ నోళ్లు సొట్టపోతాయి. ఒకసారి సైజింగ్ డైలో పెట్టి గుండ్రంగా చేసి, పొడవు కొలిచి, నోటి అంచును లోపలా బయటా కాస్త చెక్కాలి. ఫ్లాష్ హోల్‌ను పంచ్ చేసిన కేసుల్లో లోపలివైపు చిన్న రేకు ముక్క లేచి ఉంటుంది, డీబరింగ్ టూల్‌తో ఒక్కసారి తీసేస్తే ఆ కేసు జీవితాంతానికి సరిపోతుంది.

వాడినవి తీసుకుంటే, ఒక్కో కేసునూ చేత్తో పరీక్షించండి

వాడిన కేసుల్లో అన్నిటికంటే మేలైనవి మీ రైఫిల్‌లోనే మీరు పేల్చిన ఫ్యాక్టరీ తూటాలవి. అవి మీ ఛాంబర్ ఆకారానికి వచ్చేసి ఉంటాయి, ఎన్నిసార్లు పేలాయో మీకు తెలుసు. ఆ తరువాతి స్థానం నమ్మకంగా ఒక్కసారే పేల్చినవి. ఎన్నిసార్లు పేలాయో తెలియనివి ఊరికే ఇచ్చినా నేను తీసుకోను. మెషిన్ గన్‌లో పేల్చిన మిలిటరీ కేసులు కూడా ఒక్కసారి వాడినవే, కానీ వాటి ఛాంబర్లు వదులుగా ఉంటాయి కాబట్టి కేసు బాగా సాగి ఉంటుంది. వాటిని స్మాల్ బేస్ డైతో (అడుగును మామూలు డై కంటే ఎక్కువ నొక్కేది) నొక్కాల్సి రావచ్చు.

మొదట అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే అది ఇత్తడి పూత వేసిన ఉక్కు కేసు, తీసేయండి. తరువాత మెడ, భుజం దగ్గర సన్నటి చీలిక కోసం వెలుతురులో తిప్పి చూడండి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది అడుగు నుంచి సుమారు ఒక సెంటీమీటర్ పైన ఉండే ప్రాంతం. గట్టి అడుగు ముగిసి పలుచటి గోడ మొదలయ్యేది అక్కడే. భుజాన్ని ప్రతిసారీ అవసరానికి మించి వెనక్కి నొక్కితే, పేలినప్పుడల్లా కేసు సాగి ఈ చోట పలుచబడుతుంది. ఒకరోజు ఛాంబర్‌లోనే రెండు ముక్కలవుతుంది. ముందు భాగం లోపలే ఇరుక్కుంటుంది, వేడి గ్యాస్ వెనక్కి ముఖం మీదికి రావచ్చు. బయటినుంచి చూస్తే అక్కడ మెరిసే సన్నటి వలయం కనిపించడం మొదటి హెచ్చరిక. కానీ డై రాపిడి వల్ల కూడా మెరుపు రావచ్చు కాబట్టి లోపల తడిమి చూడాలి.

దీనికి ఒక పేపర్ క్లిప్ చాలు. దాన్ని నిటారుగా సాగదీసి, కొసను రెండు మిల్లీమీటర్ల మేర పక్కకు వంచి, మొనను అరగదీసి పదును చేయండి. కేసు అడుగుదాకా దించి, గోడకు ఆనించి నెమ్మదిగా పైకి లాగండి. మంచి కేసులో మొన అడుగు నుంచి గోడమీదికి ఆటంకం లేకుండా జారుతుంది. పలుచబడిన కేసులో ఒకచోట మొన చిన్న గాడిలో పడి తట్టుకున్నట్టు వేలికి తెలుస్తుంది. అనుమానం ఉంటే ఒక కేసును నిలువునా కోసి చూడండి, ఆ గాడి కంటికే కనిపిస్తుంది. ఆ లాట్‌లో ఒక్క కేసులో గాడి తగిలినా మిగతావన్నీ ఒక్కొక్కటిగా చూడాల్సిందే. అడుగున పట్టీలాంటి అంచు ఉండే బెల్టెడ్ మాగ్నం కేసుల్లో, పాత .303 బ్రిటిష్ కేసుల్లో ఈ సమస్య తొందరగా వస్తుంది. .303 రైఫిళ్ల ఛాంబర్లు యుద్ధభూమి మట్టిలోనూ పనిచేయాలని వదులుగా చేశారు.

ప్రైమర్ పాకెట్ పరీక్ష సులువు. కొత్త ప్రైమర్ పెట్టేటప్పుడు చేతికి కాస్త నిరోధం తగలాలి. బొటనవేలితో నొక్కితేనే జారిపోతే ఆ కేసు పని అయిపోయినట్టే. పాకెట్ వదులైతే బాగుచేసే ప్రయత్నాలు చేయకండి.

పొడవు కొలవడానికి కాలిపర్ ఉండాలి. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, .223కి 1.760, 6.5 క్రీడ్‌మూర్‌కు 1.920, .30-06కి 2.494. మించితే మెడ నోరు ఛాంబర్ కొసకు నొక్కుకుని బుల్లెట్‌ను బిగపడుతుంది, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. గరిష్ఠానికి 0.010 అంగుళం తక్కువకు కత్తిరించడం మామూలు పద్ధతి.

బరువు, లోపలి చోటు చూసి వేరుచేయండి

అందరి కేసులూ బయటికి ఒకే ఆకారం. లోపల మాత్రం కాదు. గోడ మందంగా ఉంటే పౌడర్‌కు చోటు తగ్గుతుంది, అదే పౌడర్‌కు ఒత్తిడి పెరుగుతుంది. .308లో కొన్ని కమర్షియల్ కేసులు 155-160 గ్రెయిన్లు (రీలోడింగ్‌లో వాడే చిన్న తూకం) తూగితే, 7.62 నాటో మిలిటరీ కేసులు 180 గ్రెయిన్ల దాకా తూగుతాయి. ఇత్తడి నీటికంటే ఎనిమిదిన్నర రెట్లు బరువు. అంటే 20 గ్రెయిన్ల ఇత్తడి అదనంగా ఉంటే దాదాపు 2.3 గ్రెయిన్ల నీరు పట్టే చోటు తగ్గినట్టు. .308 కేసు మొత్తం పట్టేది 56 గ్రెయిన్ల నీరు, అందులో ఇది చిన్న తేడా కాదు. కమర్షియల్ కేసులో గరిష్ఠానికి దగ్గరగా ఉన్న లోడ్‌ను అలాగే మిలిటరీ కేసులో పోస్తే పరిమితి దాటిపోవచ్చు. .223, 5.56 విషయంలో మిలిటరీ కేసు మందం ఎక్కువ అన్న మాట తరచూ వినిపిస్తుంది. నిజానికి అక్కడ లేక్ సిటీ కేసులు కమర్షియల్ వాటితో దాదాపు సమానంగానే తూగుతాయి. కాబట్టి మాటలు నమ్మకుండా తూచి చూసుకోండి.

బరువు తేడా అంతా లోపలి చోటులోనే ఉంటుందని చెప్పలేం. ఎక్స్‌ట్రాక్టర్ గాడి లోతులోనూ, అంచు మందంలోనూ కూడా ఉండొచ్చు. ఖచ్చితంగా కావాలంటే నీటితో కొలవండి. మీ రైఫిల్‌లో పేల్చిన, సైజ్ చేయని కేసు తీసుకోండి. పాత ప్రైమర్ తీయకుండా అలాగే ఉంచండి, అది అడుగున బిరడాలా పనిచేస్తుంది. ఖాళీగా తూచండి. డ్రాపర్‌తో నీరు నోటిదాకా సమానంగా నింపండి, పైకి ఉబ్బకూడదు, లోపల బుడగ ఉండకూడదు. మళ్లీ తూచి, తేడా రాసుకోండి. ఒక లాట్‌లో ఐదారు కేసులకు చేస్తే ఆ లాట్ సంగతి తెలిసిపోతుంది. మిగతావాటిని బరువుతో వేరుచేస్తే సరిపోతుంది. మిగతావాటికి దూరంగా మరీ ఎక్కువా మరీ తక్కువా తూగిన వాటిని పక్కన పెట్టి, రైఫిల్ జీరో చేసుకోవడానికో (గురి సరిచేసుకోవడం) ప్రాక్టీస్‌కో వాడుకోండి.

మెడ గోడ మందాన్ని బాల్ మైక్రోమీటర్‌తో చుట్టూ కొలిచి చూడటం టార్గెట్ షూటర్లకు పనికొస్తుంది. ఒకవైపు మందం, ఇంకోవైపు పలుచన ఉంటే బుల్లెట్ నడిమధ్యకు కూర్చోదు. మామూలు ఫ్యాక్టరీ రైఫిల్‌కు మెడ చెక్కే పని అక్కర్లేదు, .308 ప్రామాణిక ఛాంబర్‌లో మెడకు 0.344 అంగుళాల చోటు ఉంటుంది, లోడ్ చేసిన తూటా మెడ సుమారు 0.338 మాత్రమే. బిగుతు ఛాంబర్ చేయించుకున్న రైఫిల్ అయితే మాత్రం కొత్త బ్రాండ్ కేసు వాడేముందు లోడ్ చేసిన మెడను తప్పకుండా కొలవండి.

కేసు మారితే లోడ్‌ను మళ్లీ కిందినుంచి మొదలుపెట్టండి

బ్రాండ్ మారినా, లాట్ మారినా పాత లోడ్‌ను అలాగే వాడకండి. మీ పౌడర్ తయారీదారు మాన్యువల్‌లో ఇచ్చిన ప్రారంభ లోడ్‌కు వెళ్లి, మెల్లగా పెంచుతూ రండి. మాన్యువల్‌లో ఏ కేసుతో పరీక్షించారో రాసి ఉంటుంది, మీది అదేనా కాదా చూసుకోండి. ఒకే తూటా పెట్టెలో రెండు బ్రాండ్ల కేసులు కలపకండి.

సైజింగ్‌లో బోల్ట్ యాక్షన్‌కు భుజాన్ని 0.001 నుంచి 0.002 అంగుళం, సెమీ ఆటోకు 0.003 నుంచి 0.005 దాకా మాత్రమే వెనక్కి నొక్కండి. మంచి కేసును చంపేది చాలాసార్లు ఒత్తిడి కాదు, అవసరానికి మించిన సైజింగ్.

శుభ్రం, నిల్వ

అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌లు కేసుల దగ్గరికి రానీయకండి. బ్రిటిష్ పాలనలో మన దేశంలోని సైనిక శిబిరాల్లో వానాకాలం నిల్వ చేసిన తూటాల కేసులు వాటంతటవే చీలిపోయేవి. గుర్రపు శాలల్లో ఉంచిన వాటికి గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ తగలడమే కారణమని 1921లో తేలింది. లోహశాస్త్రంలో దీన్ని ఇప్పటికీ సీజన్ క్రాకింగ్ అనే పిలుస్తారు. గట్టి ఆమ్లాల్లో ఎక్కువసేపు నానబెట్టడం కూడా మంచిది కాదు. కేసు గులాబీ రంగుకు తిరిగితే జింకు కరిగిపోయి రాగి మిగిలిందని అర్థం.

కేసులను 20 లేదా 50 చొప్పున డబ్బాల్లో పెట్టి, డబ్బా మీద లాట్ నంబర్, ఎన్నిసార్లు పేలాయి, ఎప్పుడు ట్రిమ్ చేశారు, ఎప్పుడు అనీలింగ్ చేశారు అన్నది రాయండి. డబ్బాలోని కేసులన్నీ ఒక విడత పేలాకే మళ్లీ లోడ్ చేయండి, అప్పుడు అన్నిటి వయసూ ఒకటే ఉంటుంది. అనీలింగ్ సొంతంగా చేస్తే వేడి మెడ, భుజం దాటకూడదు. అడుగు మెత్తబడిన కేసును ఏ పరిస్థితుల్లోనూ పేల్చకూడదు.

ఒక డబ్బాలో రెండు మూడు మెడలు చీలడం మొదలైతే మిగతావీ అదే దారిలో ఉన్నాయని గ్రహించి డబ్బా మొత్తాన్ని ఆపేయండి. పనికిరాదని తేల్చిన ప్రతి కేసు నోటినీ అప్పటికప్పుడే ప్లయర్‌తో నొక్కి చదును చేసి స్క్రాప్ డబ్బాలో వేయండి. నోరు నలిగిన కేసు పొరపాటున కూడా మంచివాటిలో కలవదు.